మంచం దిగనివ్వండి

మా వదినగారు పీర్జాదిగూడలో ఉంటారు. రొమ్ము కాన్సరుకు ఆపరేషను అయి నాలుగేళ్లు దాటింది. మొన్న ఆదివారం చూడబోయాను. చేతిలో ఎప్పటిలాగే సున్నుండల డబ్బా. ఆవిడ డబ్బాకేసి చూసి, "ఏమమ్మా, కాన్సరు వదిలిపెట్టిన దాన్ని చక్కెర వ్యాధికి అప్పగించడానికి వచ్చావా?" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈ నాలుగేళ్లలో ఆవిడ పదకొండు కిలోలు పెరిగారు. రక్తంలో చక్కెర హద్దు దాటబోతున్నదని డాక్టరు చెప్పాడట. దోషం ఎవరిది? నాది, మా అన్నయ్యది, చుట్టాలందరిదీ. ఆస్పత్రి నుంచి వచ్చిన నాటినుంచీ ఆవిడను బాలింతను చూసినట్లు చూశాం. మంచినీళ్లు సైతం మంచం దగ్గరికే. వచ్చిన ప్రతివారూ "రక్తం పట్టాలి" అంటూ నెయ్యి, బాదంపాలు, మినప్పిండి. దాన్నే ప్రేమ అనుకొన్నాం.

రెడ్ హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేర కాన్సరు ఆస్పత్రి వెలసింది 1955లో. ఇప్పుడు చికిత్స ఎంతో మారింది. నయమై ఇంట్లో తిరుగుతున్నవారు మన వీధుల్లోనే ఉన్నారు. ఇక వారిని కాచుకోవలసింది పాత జబ్బు నుంచి మాత్రమే కాదు.

తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు వైద్యం రాదు. వదినగారి డాక్టరును అడిగి, కొంత చదివి తెలుసుకొన్నది చెబుతున్నాను. కాన్సరుకు ఇచ్చే కొన్ని మందులు గుండె కండరాన్ని బలహీనం చేయవచ్చు. లెట్రొజోల్ వంటి మాత్రలు ఎముకల సాంద్రత తగ్గిస్తాయి. అలాగని మాత్రలు మానేసి ఎవరో ఫోనులో పంపిన కషాయాలు తాగడం మరీ ప్రమాదం. అయిదేళ్లో, పదేళ్లో, ఆపవలసినది డాక్టరే. ఇక ఒళ్లు రావడం సంగతి. ముట్లుడిగిన స్త్రీలో ఈస్ట్రోజెన్ తయారయ్యేది ముఖ్యంగా కొవ్వులోనే. చాలామంది రొమ్ము కాన్సరుకు ఆ హార్మోనే ఎరువు. అంటే నేను మోసుకెళ్లిన సున్నుండలు ఎవరికి బలమో చూడండి!

మందు ఏమిటంటారా? నడక. వారానికి నూట యాభై నిమిషాలు, కాస్త వేగంగా. వరంగల్ రోడ్డుమీద లారీల హోరులో నడవమని ఎవరూ అనరు. కాలనీ సందులు చాలు, డాబా అయినా చాలు. వదినగారికి అసలు అడ్డం దారి కాదు. జుట్టు రాలిననాడు పక్కింటివాళ్లు చూసిన చూపు. జుట్టు మళ్లీ ఒత్తుగా వచ్చినా, ఆ చూపు తలచుకొని గడప దాటడం మానేశారు. ఈ మాట నాలుగేళ్లకు గాని నాకు చెప్పలేదు.

ఆపరేషనులో చంకలోని గ్రంథులు తీసేస్తే చెయ్యి వాచే అవకాశం ఉంది. అందుకని ఆ చేత్తో చెంబెడు నీళ్లయినా ఎత్తనివ్వలేదు మేము. అమెరికాలో చెయ్యి వాచిన 141 మంది స్త్రీలమీద జరిపిన పరిశీలన 2009లో వెలువడింది. సగం మందికి దగ్గరుండి నేర్పి, కొద్దికొద్దిగా పెంచుతూ ఏడాదిపాటు బరువులెత్తించారు. వాపు పెరగలేదు సరికదా, బాధ ఉన్నట్లుండి ముదరడం వారిలో నూటికి 14 మందిలోనే కనిపించింది. ఎత్తనివారిలో 29 మందిలో. అయితే మొదటిరోజే బిందె ఎత్తమని కాదు. డాక్టరును అడిగి, వ్యాయామం నేర్పేవారి దగ్గర మొదలుపెట్టాలి. ఆ చేతికి కత్తిగాటు, వేడినూనె తగలకుండా చూసుకోవాలి. ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే ఆస్పత్రికి పరుగెత్తాలి.

సాయంత్రం ఇద్దరం కూరలకు బయలుదేరాం. పక్కింటావిడ గేటు దగ్గరే ఉన్నది. వదినగారు ఒక్క క్షణం ఆగి, "వంకాయలు బాగున్నాయా ఇవాళ?" అని ఆవిడనే అడిగారు. తిరిగి వస్తుంటే సంచీ ఆ చేతిలోనే ఉన్నది. అరకిలో కూడా ఉండదు. అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకొన్నాను. సున్నుండలు పక్కింటి పిల్లలకు ముట్టాయి. ఒకటి మాత్రం వదినగారు తిన్నారు.