దైవం ఐదవది: విద్యాప్రవేశ నిరీక్షణలో గృహస్థధర్మం

ఓం శ్రీ గురుభ్యో నమః.

ఆషాఢంలో వివాహ ముహూర్తాలు ఉండవు. అయినా ఇంటర్మీడియట్ ముగించిన సంతానం ఉన్న గృహాలలో ఆ మాసమంతా ముహూర్తం కోసం ఎదురుచూస్తున్నట్లే గడుస్తుంది. సీట్ల జాబితా రేపు వెలువడుతుందంటారు. అది వెలువడినాక ఇంకొక విడత ఉన్నదంటారు. కళాశాల ఖరారైనదని ఊపిరి పీల్చుకొనే లోపే వసతిగృహంలో స్థానం లేదన్న వార్త వస్తుంది. పూజామందిరంలో దీపం వెలుగుతూ ఉంటుంది. దాని ముందు కూర్చున్న తల్లి దృష్టి పక్కనున్న ఫోను మీద ఉంటుంది.

గోదావరి తీరాన అటువంటి ఒక గృహాన్ని భావించండి. కుమార్తెకు పదునెనిమిదేళ్ళు నిండలేదు. జోసా మొదటి విడతలో అస్సాంలోని సిల్చర్ ఎన్‌ఐటీలో సివిల్ ఇంజనీరింగ్ సీటు వచ్చినది. రాష్ట్ర ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సమీప నగరంలోని ఒక కళాశాలలో కంప్యూటర్ సైన్స్ లభించినది. మొదటిది బిడ్డ కోరిన శాఖ, కానీ దూరదేశం. రెండవది తండ్రి కోరిన శాఖ, కానీ అక్కడి బాలికల వసతిగృహం నిండిపోయినది. ఎవరైనా ఖాళీ చేస్తే కబురు చేస్తామన్నారు. నాయనమ్మ మొక్కుకొన్నది. మేనమామ రోజుకు రెండుసార్లు ఫోను చేసి "ఏమైనా తెలిసిందా?" అని అడుగుతున్నాడు. ఇందరి ఆందోళన మధ్య ఆ బాలిక అన్నం సగంలో విడిచి లేచిపోతున్నది. "నాన్నగారూ, ఏదీ రాకపోతే ఏమవుతుంది?" అని ఆమె అడిగిన ప్రశ్నకు తండ్రి "తప్పక వస్తుందిలే అమ్మా, భయపడకు" అని బదులిచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ బదులు ప్రేమతో వచ్చినదే. అయితే ఆ మాటను పరీక్షించవలెను. తండ్రికి తెలియని విషయాన్ని తెలిసినట్లు పలికినందున బిడ్డకు ధైర్యం కలుగలేదు. రాకపోతే ఏమన్న ప్రశ్న ఆ ఇంట్లో అడుగరానిదని మాత్రం ఆమెకు అర్థమైనది. ఈ నిరీక్షణకాలంలో తల్లిదండ్రుల కర్తవ్యం ఫలాన్ని ముందుగా ప్రకటించడం కాదు. ఫలం ఏదైనా బిడ్డ నిలువదగిన ఆశ్రయంగా తాము నిలవడమే వారి కర్తవ్యం. దీనికి శాస్త్రాధారం వెదకుటకు దూరం పోనక్కరలేదు.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ ఏ కర్మ సిద్ధించుటకైనా ఐదు హేతువులు చెప్పాడు. అవి అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, ఐదవది దైవం. శంకర భగవత్పాదులు అధిష్ఠానాన్ని శరీరంగా, కరణాలను ఇంద్రియాలుగా వ్యాఖ్యానించారు. ఆ వెంటనే భగవానుడు మరొక మాట అన్నాడు: ఇన్ని హేతువులు ఉండగా కేవలం తననే కర్తగా చూచుకొనేవాడు యథార్థాన్ని చూడడం లేదని. నిష్కామకర్మను గురించిన రెండవ అధ్యాయపు బోధ ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. విద్యాప్రవేశ వేళ అంతకంటే ఉపకరించేది ఈ ఐదు హేతువుల విభాగం. ఎక్కడ శ్రమించవలెనో, ఎక్కడ చేతులు జోడించి ఆగవలెనో ఇది విడదీసి చూపుతుంది.

ఈ విభాగాన్ని గృహానికి అన్వయించి చూద్దాం. అధిష్ఠానం బిడ్డ శరీరం. నిద్ర, ఆహారం, ఆరోగ్యం దానికి సంబంధించినవి. వీటి రక్షణ తల్లిదండ్రుల చేతిలోనిదే. అర్ధరాత్రి వరకు గత సంవత్సరపు చివరి ర్యాంకులను బిడ్డతో కలసి వెదకడం రక్షణ అనిపించుకోదు. కర్త ఆ విద్యార్థిని. కరణాలంటే ఈ సందర్భంలో సాధన సామగ్రి: మార్కుల పత్రాలు, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, రుసుముకు ధనం. చేష్టలంటే వెబ్ ఆప్షన్ల వరుస, గడువులోగా చెల్లింపు, ధ్రువపత్రాల పరిశీలన. ఈ నాలుగూ మనుష్య ప్రయత్నానికి లోబడినవి. ఐదవది మాత్రం ఎవరి వశంలోనూ లేదు. ఎన్నో వేలమంది విద్యార్థులు ఏ కళాశాలను ఏ వరుసలో కోరుకొన్నారో, ఎవరు తమ సీటు విడిచిపెడతారో, ఏ వసతిగృహంలో ఏ గది ఖాళీ అవుతుందో ఒక కుటుంబం నిర్ణయించగలిగినది కాదు.

చాలా ఇళ్ళలో ఈ క్రమం తలక్రిందులవుతున్నది. ఐదవదానిని గురించి రాత్రింబవళ్ళు చింతిస్తూ, నాలుగవదానిలో ఉపేక్ష చేస్తారు. ఎంతో తపించిన సీటు గడువులోగా రుసుము చెల్లించనందున చేజారిపోవడం దైవలీల కాదు, చేష్టాలోపం. అందువలన చేష్టలను గురించి కొంత స్పష్టంగా తెలిసికొనవలెను. జోసాలో సీటు స్వీకరించిన వారికి మూడు మార్గాలు ఉంటాయి. ఇది చాలునని తదుపరి విడతల నుండి తప్పుకోవడం ఫ్రీజ్. తమ వరుసలో పైనున్న ఏ సంస్థలోని ఏ శాఖకైనా సిద్ధమని చెప్పడం ఫ్లోట్. అదే సంస్థలో పైనున్న శాఖకు మాత్రమే సిద్ధమని చెప్పడం స్లైడ్. ఫ్లోట్‌లో గాని స్లైడ్‌లో గాని పై సీటు లభిస్తే ముందటిది తిరిగి రాదు. ఈఏపీసెట్‌లోనూ చేతిలో ఒక సీటు ఉండగా తదుపరి విడతలో ఆప్షన్లు ఇచ్చి ఇంకొకటి పొందితే మొదటిది రద్దవుతుంది. కనుక ఉన్నదానికంటే నిజంగా మేలని బిడ్డ భావించినవే ఆ వరుసలో ఉండవలెను. "ఊరికే పెట్టి చూద్దాం" అన్న మాటకు ఇక్కడ తావు లేదు.

ఆ వరుసను ఎవరు నిర్ణయించవలెను? తండ్రి అనుభవజ్ఞుడు, ధనం సమకూర్చేవాడు. కానీ నాలుగేళ్ళు ఆ శాస్త్రాన్ని అభ్యసించేది బిడ్డ. గీతాచార్యుని ప్రవర్తనే ఇక్కడ ప్రమాణం. ఆయన అర్జునుని విషాదాన్ని మొదట పూర్తిగా విన్నాడు. పదునెనిమిది అధ్యాయాల బోధ ముగిసినాక, దీనినంతటినీ విమర్శించి నీకు తోచినట్లు చేయమని నిర్ణయాన్ని శిష్యునికే విడిచిపెట్టాడు. గుఱ్ఱాల పగ్గాలు చేతబట్టినవాడు గాండీవాన్ని తీసికొనలేదు. తండ్రి తన అభిప్రాయాన్ని ఒకసారి, కారణాలతో, శాంతంగా చెప్పవచ్చు, చెప్పవలెను కూడా. ఖర్చు ఎంతవరకు భరించగలడో దాచకుండా చెప్పవలెను. ఆ తరువాత వరుస పేర్చే వేలు బిడ్డదై ఉండవలెను. పక్కింటి అబ్బాయి ఏ శాఖలో చేరాడన్నది ఆ సంభాషణలోనికి రాకూడదు. స్వధర్మంలో లోపమున్నా పరధర్మం కంటే శ్రేయస్కరమని బోధించే సంప్రదాయంలో పుట్టినవారు బిడ్డ అభిరుచిని ఇతరుల కొలతతో కొలవడం శోభించదు.

ఇక వసతి విషయం. సీటు కేటాయింపు పత్రంలో కళాశాల పేరు, శాఖ ఉంటాయి. తలదాచుకొనే గది ఉండదు. అది వేరొక దరఖాస్తు, వేరొక నిరీక్షణ. పల్లెల నుండి నగరానికి మొదటిసారి వెళ్ళే బిడ్డలను ఈ రెండవ అనిశ్చితి మొదటిదానికంటే అధికంగా బాధిస్తుంది. రాత్రి ఎక్కడ పడుకొంటామో తెలియని మనస్సు పాఠం మీద నిలువదు.

ఇక్కడ ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని వృత్తాంతం స్మరణీయం. బ్రహ్మచర్యం స్వీకరించి గురుకులంలో వసించదలచి ఆ బాలుడు తన గోత్రమేమిటని తల్లి జబాలను అడిగాడు. గోత్రం చెప్పలేనివానికి ప్రవేశం దొరుకుతుందో లేదో ఎవరికి తెలుసు? ఆమె ఒక అందమైన అసత్యాన్ని కల్పించి ఉండవచ్చు. ఆమె అలా చేయలేదు. యౌవనంలో పలుచోట్ల పరిచర్య చేస్తూ తిరిగినదాననని, గోత్రం తనకు తెలియదని చెప్పినది. తన పేరు జబాల కనుక సత్యకామ జాబాలుడవని చెప్పుకోమన్నది. తెలియనిదాన్ని తెలియదని చెప్పి, తెలిసినదాన్ని తోడుగా ఇచ్చి పంపినది. ఆ సత్యాన్నే యథాతథంగా పలికినందుకు హారిద్రుమత గౌతముడు అతనిని శిష్యునిగా స్వీకరించాడు. పిమ్మట బక్కచిక్కిన నాలుగువందల గోవులను అప్పగించాడు. అవి వేయి అయ్యేవరకు తిరిగి రానని సత్యకాముడు అరణ్యానికి వెళ్ళాడు. గురుకులవాసం కోరి వెళ్ళినవానికి లభించిన వసతి అడవి. బ్రహ్మవిద్య అక్కడే వృషభం, అగ్ని, హంస, మద్గువు అనే నీటిపక్షి వలన అతనికి పాదం వెంట పాదంగా అందినది.

కోరిన వసతి దొరకనంత మాత్రాన విద్య ఆగదని తెలుగునేల అనుభవం కూడా చెబుతున్నది. వారాలు చేసికొని చదువుకొన్న తరాలు మన ముందున్నవి. ఏడు రోజులకు ఏడు ఇళ్ళలో భోజనం, ఎవరి అరుగు మీదనో నిద్ర. ఆ దారిద్ర్యాన్ని కీర్తించనక్కరలేదు. ఆ ఏడు ఇళ్ళ ఇల్లాండ్రను మాత్రం మరువరాదు. తరువాతి కాలంలో హైదరాబాదులో 1918లో స్థాపితమైన రెడ్డి వసతిగృహం వంటివి గ్రామీణ విద్యార్థులకు నగరంలో నీడ కల్పించినవి. విద్యార్థికి చోటివ్వడం సమాజధర్మమని పెద్దలు భావించిన కాలమది. నేడు నగరంలో ఇల్లున్న బంధువు "ఏమైనా తెలిసిందా?" అని అడగడం మాని, "గది దొరికేవరకు పదిరోజులు మా ఇంట్లో ఉండనివ్వండి" అంటే అది విద్యాదానంతో సమానమైన పుణ్యం.

తల్లిదండ్రులు చేయగలిగినవీ ఉన్నవి. కళాశాల వసతిగృహానికి ఎవరు, ఎప్పుడు, ఏ ప్రాతిపదికపై స్థానాలు ఇస్తారో స్వయంగా అడిగి వ్రాసికొనవలెను. అది దొరకకపోతే మొదటి నెల ఎక్కడ ఉండాలో ముందే నిశ్చయించవలెను. ప్రైవేటు హాస్టలైతే డబ్బు కట్టకముందే బిడ్డతో కలసి వెళ్ళి నీరు, భోజనం, తలుపు గడియ, రాత్రి కాపలా, కళాశాల దూరం చూడవలెను. మధ్యలో మానివేస్తే అడ్వాన్సు తిరిగి ఇస్తారో లేదో అడగవలెను. ఇవన్నీ చేష్టలే. ఇంత చేసినాక మిగిలే అనిశ్చితిని బిడ్డతో నిజంగానే పంచుకోవచ్చు: "గది ఇంకా తెలియదమ్మా. తెలిసేవరకు ఇక్కడ ఉందువు, నేను వెంట వస్తాను" అని.

దేవాలయాన్ని గురించి కూడా ఒక మాట అవసరం. ఫలితాల కాలంలో బిడ్డ గోత్రనామాలతో అర్చన చేయించడం సదాచారం. కానీ "సీటు వస్తే ఇది సమర్పిస్తాను" అన్న మొక్కు బిడ్డ చెవిన పడినప్పుడు ఆ లేతమనస్సులో ఏమి నాటుకొంటుందో ఆలోచించవలెను. సీటు రాకపోతే తాను మానవుల ముందే కాక దేవుని ముందు కూడా ఓడిపోయినట్లు ఆ బిడ్డ భావించవచ్చు. ఈ దినాలలో సంకల్పం ధైర్యం కొరకు, నిర్మలబుద్ధి కొరకు చెప్పించడం ఉత్తమం. గాయత్రి కోరేది కూడా బుద్ధి ప్రేరణనే.

లక్షల రూపాయల అప్పు, బిడ్డ జీవితం ముడిపడి ఉండగా ఇంత నిబ్బరం ఉదాసీనత కాదా అని కొందరు ఆక్షేపించవచ్చు. నాలుగు హేతువులలోనూ శ్రద్ధ వహించినవాడు ఉదాసీనుడు కాడు. ఆందోళన ప్రేమకు కొలమానం కాదు. ఆందోళనపడే తండ్రిని ఓదార్చే భారం కూడా చివరకు బిడ్డ మీదనే పడుతుంది. ప్రతి యేటా ఫలితాల వేళ వార్తాపత్రికలలో చదువరాని వార్తలు చదువుతున్నాము. బిడ్డ నిద్రాహారాలు మాని, మాటలు తగ్గించి, తాను భారమైనానని అన్నట్లయితే దానిని జాతకదోషమని గాని, పౌరుషలోపమని గాని త్రోసిపుచ్చరాదు. పక్కన కూర్చుని వినవలెను, వైద్యుని సంప్రదించవలెను. కేంద్రప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. మనస్సుకు చికిత్స కూడా అధిష్ఠాన రక్షణలో భాగమే.

ఆ గోదావరి తీరపు తండ్రి రాత్రి తిరిగివచ్చి కుమార్తె పక్కన కూర్చుని, "ప్రొద్దున అడిగావు కదా, ఏదీ రాకపోతే ఏమని. నాకూ తెలియదమ్మా. అప్పుడు ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం" అన్నాడనుకొందాం. సిల్చరా, సమీప నగరమా అన్నది ఇంకా తేలలేదు. గది కబురు రాలేదు. కానీ ఆ రాత్రి ఆ బిడ్డ అన్నం పూర్తిగా తింటుంది. తల్లిదండ్రుల అధికారం అంతవరకే, అది తక్కువ కాదు. మిగిలినది ఐదవదానికి విడిచి దీపానికి నమస్కరించవచ్చు.

విద్యార్థులందరికీ సద్బుద్ధి, సదాశ్రయం లభించుగాక.

స్వస్తి.