చెత్తబుట్టలో రేపటి నగరం

రేపటి నగరం అనగానే అద్దాల మేడలూ, గాల్లో ఎగిరే కార్లూ కళ్లముందు మెదులుతాయి. బాగానే ఉంది... మరి ఆ మేడల్లో పోగయ్యే చెత్త ఎవరెత్తాలి? వాళ్లకి దక్కేదేంటి?

జవాబు పుణెలో ఉంది. కుప్పల్లో కాగితాలూ సీసాలూ ఏరుకుని బతికేవాళ్లు అక్కడ 1993లో సంఘంగా ఏర్పడ్డారు. వాళ్లలో ఎక్కువమంది మహిళలే. ఆ తరవాత 'స్వచ్ఛ్' పేరుతో సహకార సంఘం పెట్టుకుని, 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. మూడువేలమందికి పైగా సభ్యులు ఇంటింటికీ వెళ్లి చెత్త సేకరిస్తారు. అందుకు ప్రతి ఇల్లూ నెలకింత అని చెల్లిస్తుంది. పొడి చెత్త అమ్మితే వచ్చే డబ్బూ వాళ్లదే. అదే పని కోసం పెద్ద కాంట్రాక్టరు లారీలతో దిగితే వాళ్ల పొట్టకొట్టినట్టే కదా!

సహకారం మనకి కొత్తేం కాదు. 1956లో మొదలైన ములుకనూరు సంఘం రైతులకి అప్పూ ఎరువులూ ఇచ్చింది, పంట అమ్మిపెట్టింది. పల్లెకి పనికొచ్చిన సూత్రం పట్నానికి పనికిరాదా? వీధిలోని ఆటోలకి ఆటోవాళ్లే యజమానులు... అపార్ట్‌మెంట్‌ మీది సౌర పలకలకి అందులో ఉండేవాళ్లే వాటాదారులు... పచ్చదనం ఒక్కటే చాలదు, ఆ నగరంలో కష్టపడేవాడికీ వాటా ఉండాలి.

అంత పెద్ద మార్పు మన చేతుల్లో లేదంటారా? తడి చెత్త ఓ బుట్టలో, పొడి చెత్త మరో బుట్టలో వేయడం మన చేతుల్లోనిదే. తడిసి ముద్దయిన కాగితానికి ధర పలకదు. వంటింట్లో మనం చూపే ఆ కాస్త శ్రద్ధే గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి ఆ పూట సంపాదన!