దేవాలయోపకరణములును మనమును

గడచిన సంవత్సరము మా తరగతి బాలురను పాఠశాల ప్రక్కనున్న దేవాలయమునకు తీసికొనిపోయితిని. వారిలో క్రైస్తవులు కొందరు, హిందువులు పలువురు, మహమ్మదీయులు ఇద్దరు. బలిపీఠము చెంతకు పోగానే ఒక హైందవ బాలుడు నన్నిట్లడిగెను: "పంతులుగారూ, దేవుడు సర్వవ్యాపి యని మీరే చెప్పుదురు గదా! అట్లయిన ఈ రాతిబల్లకు వంగి నమస్కరింపనేల? ఆ చిన్న పెట్టె ముందు మోకరింపనేల?" ప్రక్కనున్న క్రైస్తవ బాలుడు తక్షణమే "అది మా ఆచారము" అని బదులు చెప్పెను. ప్రశ్న నన్ను సంతోషపెట్టినది. బదులు నన్ను నొప్పించినది. ఒక వస్తువును ఆచారమని మాత్రమే యెరిగినవాడు రేపు దానిని పారవేయుటకును వెనుదీయడు. మన విచారణలలో అక్కడక్కడ నేడు జరుగుచున్నది అదియే గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సర్వేశ్వరుడు సర్వవ్యాపి యనుట నిజమే. కాని మనము సర్వవ్యాపులము కాము. మనకు దేహమున్నది, కన్నులున్నవి, కాళ్లున్నవి. తల్లి ప్రేమ ఇంటినిండ నుండును. అయినను ఆమె అన్నము వడ్డించు చోటు ఒకటి యుండును, బిడ్డలు అచ్చటికే పోయి కూర్చుందురు. తొలి శతాబ్దములలో క్రైస్తవులు సామాన్యముగా గృహములందే కూడుచుండిరి. 313వ సంవత్సరమున కాన్‌స్టంటైను చక్రవర్తి వారికి స్వేచ్ఛ నొసంగిన పిమ్మట రోమునగరమున లాతెరాను దేవాలయము వెలసెను. దానిని కట్టినవారు రోమీయుల గుళ్ల నమూనాను గైకొనలేదు. న్యాయవిచారణకును వర్తకమునకును జనులు గుమిగూడు "బసిలికా" యను సభామంటపపు నమూనాను గైకొనిరి. రోమీయుల గుడిలో విగ్రహము లోపలను, బలియు జనులును వెలుపలను ఉండెడివారు. క్రైస్తవాలయమున బలియు జనులును లోపలనే. మనము తెలుగున వాడు "శ్రీసభ" యను మాటయే యీ సంగతిని చెప్పుచున్నది.

ఆ సభకు నడిబొడ్డు బలిపీఠము. అది భోజనపు బల్లయు నగును, బలియర్పించు స్థలమును నగును. కడరా భోజనమును, కల్వరి గిరియు అచ్చట ఒక్కటిగా కూడుచున్నవి. క్రీస్తునాథుడు మూలరాయి గనుక పీఠమును రాతితో చేయుట పూర్వాచారము. మేత్రాణులు పీఠమును ప్రతిష్ఠించు విధమును మన పిల్లలలో నెందరు చూచిరో యెరుగను. వారు రాతిపై క్రిస్మ తైలమును పోసి చేతితో పూయుదురు. దానిమీదనే సాంబ్రాణి వేసి ధూపమెత్తుదురు. పిదప తెల్లని వస్త్రము పరపింతురు. కడపట దీపములు వెలిగింతురు. ఇప్పుడు జ్ఞానస్నానము పొందిన శిశువును తలంచుకొనుడు: తైలాభ్యంగము, తెల్లని వస్త్రము, వెలిగించిన వత్తి. ఒక శిశువునకు చేయునదే ఆ రాతికిని చేయుచున్నారు! ఇట్టి రాతిని "బల్ల" యని పిలుచుట యెట్లు?

ఇంకొక సంగతి. 386వ సంవత్సరమున మిలాను నగరమున పునీత అంబ్రోసు మేత్రాణులు, జెర్వాసు ప్రోతాసులను వేదసాక్షుల అస్థులను కనుగొని తాను కట్టించిన దేవాలయపు పీఠము క్రింద నుంచిరి. ఆ స్థలమును ఆయన తన సమాధికొరకు ఏర్పరచుకొని యుండెను. బలియర్పించు గురువు అచ్చట పరుండుట తగునని ఆయన తలంపు. కాని వేదసాక్షులు దొరకగానే మేలైన చోటును వారికి విడిచి తాను ప్రక్కకు తొలగెను. నేటికిని ఆయన దేహము వారి చెంతనే యున్నది. పూజారంభమున గురువు జనులను పలుకరింపక మునుపే పీఠమును ముద్దిడుటను మీరు చూచియుందురు. ఆ ముద్దునకు ఇంత వెనుకటి కథ యున్నది.

మరి మనము ఆ పీఠముపై ఏమి పెట్టుచున్నాము? ప్రకటనల కాగితములు, గురువుగారి కళ్లజోడు పెట్టె, వాడని మైకు తీగలు, ప్లాస్టికు పూలగుత్తులు. పూలు పీఠముపైన గాక దాని చుట్టును ఉంచుట మేలని శ్రీసభ నియమము. పూలు పెట్టుటలో మన బాలికల భక్తిని నేను శంకింపను. కాని రెండు నందివర్ధనములైనను చాలును, అవి సాయంకాలమునకు వాడిపోవలెను. వాడనిది అర్పణ మెట్లగును?

ఇక జ్ఞానస్నానపు తొట్టి. యూఫ్రటీసు నదీతీరమున, నేటి సిరియా దేశములో, దూరా యూరోపోసు అను పట్టణపు శిథిలములున్నవి. 256వ సంవత్సర ప్రాంతమున శత్రువుల ముట్టడిలో అది పాడుపడెను. అచ్చటి ఒక యిల్లు క్రైస్తవుల ప్రార్థనాలయముగా మార్చబడి యుండెనని 1930 తరువాతి త్రవ్వకములలో తెలియవచ్చెను. ఆ యింట ఒక చిన్న గదిలో జ్ఞానస్నానపు తొట్టి. దానిపై గోడమీద గొఱ్ఱెను భుజమున మోయు మంచికాపరి చిత్రము. బహిరంగముగా ఆలయము కట్టుకొన వీలులేని దినములలో సైతము ఆ జనులు తొట్టికి ప్రత్యేకముగా ఒక గది నిచ్చిరి! తరువాతి కాలమున తొట్టికిని, అదియున్న మంటపమునకును ఎనిమిది పలకల రూపము తరచుగా నిచ్చిరి. సృష్టికి ఏడు దినములు; ఏడవ దినము గడచిన మరునాడు ప్రభువు లేచెను; కావున ఎనిమిదవది క్రొత్తసృష్టి దినము. మిలానులో 387వ సంవత్సరమున పునీత అగుస్తీను జ్ఞానస్నానము పొందినదియు అట్టి యెనిమిది పలకల మంటపముననే. ద్వారముకడ తీర్థజలమున వ్రేలు ముంచి సిలువ గుర్తు వేసికొనునపుడు మనము తలంచుకొనవలసినది ఆ తొట్టినే.

నే నెరిగిన యొక విచారణలో గుడి బాగుచేసినపుడు తాతలనాటి నల్లరాతి తొట్టిని పెకలించి దొడ్డిలో చింతచెట్టు క్రింద పడవైచిరి. కొన్నాళ్లు అందు గొడ్లు నీరు త్రాగెను. ఇప్పుడు దానిలో మల్లెతీగ పెరుగుచున్నది. లోపల ముక్కాలిపీటపై స్టీలు గిన్నె పెట్టి శిశువులకు జ్ఞానస్నాన మిచ్చుచున్నారు. ఆ జ్ఞానస్నానము చెల్లదని నే ననను. నీరును, ఆ పవిత్రవాక్యమును చాలును. కాని ఆ యూరి ముదుసలులందరును ఆ రాతియొద్దనే క్రైస్తవులైరి. మా తల్లియు అచ్చటనే. సెలవులలో పోయి ఆ మల్లెతీగను చూచినపుడెల్ల నాకు మనస్సు చివుక్కుమనును.

మందసము చెంత దీపమును గూర్చియు ఒకమాట. నూనెతోగాని మైనముతోగాని వెలుగు దీపమే పూర్వాచారమని నియమము తెలుపుచున్నది. అనేక స్థలములలో ఎఱ్ఱని విద్యుద్దీపము పెట్టుచున్నారు. ఖర్చు తక్కువ, ఆరిపోదు, ఎవ్వరును చూచుకొననక్కరలేదు అని చెప్పుదురు. ఎవ్వరును చూచుకొననక్కరలేకపోవుటే దాని లోపము. నూనెదీపము తన్ను తాను దహించుకొనును; దానికి ప్రతిదినము ఒక మనుష్యుడు రావలెను. 1969వ సంవత్సరమున భారతదేశపు మేత్రాణుల కోరికపై రోము అంగీకరించిన పండ్రెండు మార్పులలో మైనపువత్తులకు బదులు నూనెదీపములు వాడవచ్చుననుటయు ఒకటి. నువ్వులనూనెయు ప్రమిదయు మన యిండ్లలో నున్నవే గదా!

పవిత్ర గురువారపు రాత్రి పీఠవస్త్రములు తీసివేయుదురు. మరునాడు మందసము తలుపు తెరచియుండును, లోపల ఏమియు లేదు, దీపము లేదు. మాటలు రాని పిల్లవాడు కూడ ఆ దినమున ఏదో తక్కువైనదని గ్రహించును. నిత్యము దీపము వెలుగు చోటనే గదా అది ఆరుట తెలియుట!

ప్రసంగవేదికను, పాపసంకీర్తన స్థలమును గూర్చి ఇచ్చట విస్తరింపను. సిలువమార్గపు పటములను గూర్చి మాత్రము ఒక చిన్న సంగతి: ఆ పదునాలుగు స్థలములకు ముఖ్యమైనవి గోడకు తగిలించిన కొయ్యసిలువలేగాని పటములు కావు. పటములకు బంగారు రంగులు పూయించి సిలువలను తీసివేసినవారు దీనిని గమనింతురుగాక.

ఈ మార్పులన్నియు రెండవ వాటికను మహాసభ ఆజ్ఞయని కొందరందురు. 1963వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన వెలువడిన ఆరాధన శాసనమును చదివినయెడల వేరువిధముగా తోచును. పవిత్రోపకరణములను, విలువగల పనితనమును పోగొట్టకుండ మేత్రాణులు జాగరూకులై యుండవలెనని అదే శాసనము హెచ్చరించుచున్నది. ఆడంబరముకంటె ఉదాత్తమైన సౌందర్యమును కోరుమనుచున్నది. పీఠమును గోడనుండి విడదీసి, చుట్టును తిరుగ వీలుగా కట్టుట మేలని 1964లో వచ్చిన యుత్తరువు చెప్పినమాట నిజము. అది నాకును సమ్మతమే. గురువు ముఖము చూచుచు, మన భాషలో పూజ వినుట మా తాతలకు లేని భాగ్యము. కాని రాతిపీఠమును కట్టుమన్న మాటను, ఉన్న రాతిపీఠము ముందు చెక్కబల్ల వేయుమని అర్థము చేసికొనుట యెట్టి వివేకము? పింగాణి పలకలకును రంగురంగుల దీపములకును వ్యయపరచిన ధనములో నాలుగవ పాలుతో మంచి రాయి వచ్చియుండును.

కావున తలిదండ్రులారా, మీ విచారణలో గుడి మరమ్మతునకు చందా నిచ్చునపుడు, ఏది క్రొత్తగా వచ్చుచున్నదని మాత్రమేగాక, ఏది వెలుపలికి పోవుచున్నదో కూడ అడుగుడు. విద్యార్థులారా, పెద్దలను అడిగి మీ గుడిలోని ఒక్కొక్క వస్తువు కథను వ్రాసికొనుడు. మా తరగతి బాలురు ఆ పని యిప్పటికే మొదలిడిరి. ఆనాడు ప్రశ్న నడిగిన హైందవ బాలుని పుస్తకమే అందరిదానికంటె నిండుగా నున్నది.

చింతచెట్టు క్రింది తొట్టిని గూర్చి ఆ విచారణవారికి నేను ఉత్తరము వ్రాసితిని. మల్లెతీగను వేరొక కుండలోనికి మార్చవలెను. రాయి ఎక్కడను బీటవారలేదు. నలుగురు మనుష్యులును, రెండు గడ్డపారలును, ఒక పూటయు చాలును.