మన పిల్లవాడు మందమతియా?

పరీక్షాఫలితములు వెలువడిన దినమున మన యిండ్లలో వినవచ్చు ప్రశ్న యొక్కటే: "ఎన్ని మార్కులు వచ్చినవి?" ఏది బోధపడినది, ఎచ్చట చిక్కుపడితివి అని యడుగువారు అరుదు. ఈ యాచారమును మేము ఖండించుచున్నాము.

తమిళనాట తరతరములుగా స్థిరపడిన మన కుటుంబముల పిల్లలను చూడుడు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో తరచుగా ఇంగ్లీషు. అంగడిలో మూడు కిలోల బియ్యపు వెలయు, రావలసిన చిల్లరయు నోటిలెక్కగా చెప్పగల బాలుడు, ఆ లెక్కనే పాఠ్యపుస్తకమున నాలుగు పంక్తులలో చదివి తెల్లబోవును. అతనికి రానిది లెక్క కాదు, ఆ వాక్యము. మార్కుల పట్టిక మాత్రము గణితమున తక్కువయని తేల్చును. తండ్రి లెక్కలకు ట్యూషను పెట్టించును. రోగ మొకటి, మందు వేరొకటి! మూడు భాషల నడుమ మెలగగల ఆ బాలుని శక్తికి పట్టికలో గడియే లేదు.

2006వ సంవత్సరపు చట్టముచే తమిళనాట తమిళము నిర్బంధ పాఠ్యభాష యైనది. పదవ తరగతి పరీక్షలో మినహాయింపునకై అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల నాశ్రయించిరి. 2023లో సుప్రీంకోర్టు దానిని మరియొక యేడు పొడిగించినది. హక్కులకై పోరాడుట న్యాయమే. కాని మన పిల్లవానికి చిక్కు అక్షరములోనా, అర్థములోనా, వ్రాతలోనా యని ఏ తీర్పును చెప్పజాలదు. అది అతనినే యడిగి తెలిసికొనవలెను.

"పసివారికి తమ సంగతి యేమి తెలియును? ఉపాధ్యాయుడే చెప్పవలె"నని పెద్దలు కొందరందురు. వైద్యుడు సైతము నొప్పి యెచ్చటనని రోగినే కదా యడుగును! విద్యార్థి తన్ను తాను మదింపు చేసికొనుటకు ప్రగతిపత్రమున చోటుండవలెనని 2020 జాతీయ విద్యావిధానము చెప్పినది. ఆ విధానముపై తమిళనాట ఎన్ని వివాదములున్నను, ఈ యొక్క మాట కాదనదగినది కాదు.

ఎంత శ్రమించినను అక్షరములు తారుమారగుచుండిన బిడ్డను సోమరి యనుట మరింత అన్యాయము. 2016 దివ్యాంగుల హక్కుల చట్టము అభ్యసన వైకల్యమును సయితము గుర్తించినది. అట్టి బిడ్డకు వలయునది పరీక్షయు, సహాయమును, బెత్తము కాదు.

కావున మన సంఘముల తెలుగు తరగతులలో ప్రతి విద్యార్థికిని ఒక నోటుపుస్తకము నిత్తము. ఒక పుటలో "నాకు వచ్చినది", ఎదుటి పుటలో "నాకు చిక్కైనది" యని తనకు వచ్చిన భాషలో తానే వ్రాయవలెను. మొదటి పుటను ముందు చదువుడు. రెండవ పుటను గైకొని బడి ఉపాధ్యాయుని కలిసికొనుడు. ఈపాటి శ్రమ పడక, మార్కులు తగ్గినవని బిడ్డను మందమతి యను తలిదండ్రులను మేము సమర్థింపజాలము.