నీడకు కరెంటు బిల్లు రాదు

ఈసారి మూడు మాటలు నేర్చుకుందాం: ఎండ, నీడ, గాలి. చెరకు తోటల్లో పని చేసిన మన పెద్దలకు ఇవి బాగా తెలిసిన మాటలు.

అబుదాబిలోని మస్దార్ నగరంలో 2010లో ఒక విద్యాసంస్థ ప్రాంగణం తెరిచారు. దాని పేరు మస్దార్ ఇన్‌స్టిట్యూట్. 2017లో అది ఖలీఫా విశ్వవిద్యాలయంలో కలిసింది.

అక్కడ ఎండ మండిపోతుంది. అందుకే వీధులు సన్నగా వేశారు. ఒక భవనం నీడ ఇంకో భవనం మీద పడుతుంది. మధ్యలో 45 మీటర్ల గాలి గోపురం ఉంది. అది పై గాలిని కిందికి దింపుతుంది. ఈ తెలివి కొత్తది కాదు. కరెంటు రాకముందే గల్ఫ్ ఇళ్ళ మీద ఇలాంటి గోపురాలు ఉండేవి. వాటిని బర్జీల్ అంటారు.

కరెంటుకు 10 మెగావాట్ల సోలార్ కేంద్రం కూడా ఉంది. దానికి చాలా డబ్బు కావాలి. నగరం మొత్తం 2016కి పూర్తి చేయాలనుకున్నారు, కాలేదు. కానీ నీడ మొదటి రోజు నుంచే పని చేసింది.

మీ బడికి ఏసీ కొందామని ఎవరైనా చందా అడిగితే, ఇవ్వండి. ముందు ఒక ప్రశ్న వేయండి, తెలుగులోనే: "మధ్యాహ్నం ఎండ ఏ గోడ మీద పడుతుంది?" ఆ గోడ పక్కన ఒక చెట్టు నాటండి.