యంత్రాలతో కాపురం: కీచుమనే కీలు

బండికి ప్రాణం ఇంజనులో ఉందంటాం. నిజమే. కాని ఆ ప్రాణశక్తి వెనుక చక్రాలకు చేరాలంటే మధ్యన ఒక ఉక్కు గొట్టం తిరగాలి. అదే ప్రొపెల్లర్ షాఫ్టు. దాని రెండు కొసలా ఉండే కీళ్ళు యూనివర్సల్ జాయింట్లు. మనిషికి మోకాళ్ళ వంటివి.

రాజన్న సిరిసిల్ల జిల్లాలో వీర్నపల్లి 2016లో మండల కేంద్రమైంది. గుట్టలు, తండాలు ఉన్న అటువంటి చోట జీపో ట్రాక్టరో ఉన్న ఇంటివారు ఈ కీళ్ళ సంగతి కొంత తెలుసుకోవడం మంచిది. చక్రం గుంతలో దిగి లేచినప్పుడల్లా వెనుక ఇరుసు పైకీ కిందికీ ఆడుతుంది. తిరుగుడు ఆపకుండానే అటూ ఇటూ వంగడం ఈ కీలు నేర్చిన విద్య.

ఈ విద్య పాతదే. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరా, 17వ శతాబ్దపు ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరా దీనిని పిలుస్తారు. మోటారుకారుకు తగినట్లు తీర్చి 1903లో పేటెంటు పొందినవాడు అమెరికా దేశస్థుడు క్లారెన్స్ స్పైసర్. కూడిక గుర్తులాంటి ఉక్కు క్రాసు, దాని నాలుగు కొసలకు నాలుగు కప్పులు, కప్పుల్లో సూదుల్లాంటి బేరింగులు—అంతే నిర్మాణం! గ్రీజు ఎండి, నీరూ దుమ్మూ చేరాయంటే ఆ సూదులే క్రాసును కొరికివేస్తాయి.

రోగం చెప్పకుండా రాదు. మెల్లగా పోతున్నప్పుడు కీచుకీచుమనడం, క్లచ్చి వదలగానే 'టక్కు'మనడం, వేగం పెరిగితే అడుగునుంచి అదురు పుట్టడం దాని లక్షణాలు. బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టండి. తరువాత గేరు తప్పించి షాఫ్టును చేత్తో ఎత్తి, తిప్పి చూడండి. కీలులో వదులు తగిలితే గ్రీజుతో నయం కాదు, క్రాసు మార్చవలసిందే. గ్రీజు రోగం రాకముందు పథ్యమే గాని, వచ్చాక మందు కాదు.

రాళ్ళ మాట తేలికగా తీసుకోకండి. వెనుక చక్రాలను గేరుతో కలిపేది ఆ షాఫ్టే. దానిని విప్పాక గేరు వేసినా ఆ చక్రాలు ఆగవు. పాత విల్లీస్ జీపుల్లో చేతి బ్రేకు కూడా చక్రాలమీద కాక, గేరుపెట్టె వైపు షాఫ్టు మొదటనే ఉండేది. షాఫ్టు ఊడితే ఆ బ్రేకూ వెనుక చక్రాలను పట్టుకోలేదు. వాలులో బండి కింద పడుకున్నవాడి గతి ఏమిటి?

విప్పేముందు షాఫ్టు రెండు భాగాలమీదా రంగుతో గుర్తు పెట్టించండి. వంగి తిరిగే కీలు ప్రతి చుట్టులో రెండుసార్లు వడిగా, రెండుసార్లు నెమ్మదిగా తిప్పుతుంది. ఆ తేడాను రెండవ కీలు సరిచేస్తుంది. బిగించడంలో వరుస తప్పితే కొత్త క్రాసు వేసినా పాత అదురే!

ఇల్లాళ్ళకూ ఒక మనవి. ట్రాక్టరు వెనుక రోటవేటరును తిప్పే షాఫ్టుకూ ఇవే కీళ్ళు. అది సాధారణంగా నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది తిరుగుతుంది. తువ్వాలు కొసో చీర చెంగో చిక్కితే లాక్కునే వ్యవధి ఉండదు. దానిమీది తొడుగు పగిలితే ఆ రోజే మార్పించండి. ఇంజను ఆగిందాకా పిల్లల్ని దాని దరికి పోనివ్వకండి.