ఆరు వారాల బిడ్డ మడమ నెత్తురు

కడుపులో ఉన్నప్పుడే తల్లి కణాలు కొన్ని మాయ దాటి బిడ్డలోకి వస్తాయి. వాటిమీద తిరగబడకుండా బిడ్డ ఒంట్లోని రెగ్యులేటరీ టి కణాలు పోరును అణచి ఉంచుతాయి. పుట్టాక కూడా కొన్నాళ్లు ఆ ఓర్పే నడుస్తుంది. హెచ్‌ఐవీకి కావలసింది అదే.

పెద్దవాళ్లకు వైరస్ సోకితే కొన్ని వారాల్లో సీడీ8 అనే రక్షక కణాలు దాన్ని చాలావరకు కిందికి దించుతాయి. పసికందులో నెలల తరబడి అది పైనే ఉంటుంది. ఇంకో చిక్కు: ఆ కణాలు శత్రువును గుర్తుపట్టడానికి వాడే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు బిడ్డకు సగం తల్లివే. ఆ కాపలాను తప్పించుకోవడం తల్లి ఒంట్లోనే నేర్చిన వైరస్ బిడ్డకు చేరుతుంది. పోరు మొదలవకముందే సగం ఓటమి అన్నమాట.

మందు పడకపోతే ఇలా హెచ్‌ఐవీ సోకిన పిల్లల్లో సుమారు సగం మంది రెండేళ్లు నిండకముందే పోతారని ఆఫ్రికా అధ్యయనాలు తేల్చాయి. సుమారు ఏడు వారాల వయసులో, బిడ్డ పైకి బాగానే ఉన్నా, మందులు మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గాయని 2008లో దక్షిణాఫ్రికా పరీక్ష చూపింది. లక్షణాల కోసం ఆగితే ఆలస్యమే.

మామూలు యాంటీబాడీ పరీక్ష ఇక్కడ పనికిరాదు. 18 నెలల దాకా అది తల్లి యాంటీబాడీలనే చూపించవచ్చు. అందుకే వైరస్‌నే వెతికే పరీక్ష కోసం, ఆరో వారంలో మడమకు సూది గుచ్చి, నమూనా కార్డుమీది ఒక్కో వృత్తం నిండేలా నెత్తురు ఇంకించి, ఆరబెట్టి ల్యాబ్‌కు పంపాలి. అదే వారం పెంటావాలెంట్ మొదటి డోసు ఉంటుంది. టీకా వేసి కార్డు మరిచి పంపితే దాన్ని చిన్న పొరపాటు అనలేను.

బోధన్ చుట్టుపక్కల నా భయం పుట్టింటి కాన్పుల గురించి. అక్కడి 1937 నాటి చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. బతుకుదెరువుకు మనుషులు అటూ ఇటూ పోతూనే ఉన్నారు. నిజామాబాద్‌లో హెచ్‌ఐవీ మందులు వాడే గర్భిణి సాలూర దగ్గర మంజీర దాటి మహారాష్ట్రలోని బిలోలిలో కాన్పైతే రాష్ట్రమే మారిపోతుంది. ఆమె వెళ్లింది సరే, ఆ బిడ్డ మడమ బాధ్యత ఎవరిది?

ఆమెకు హెచ్‌ఐవీ ఉందని ఏ కార్డుమీదా బయటికి రాసి పంపకండి. 2017 హెచ్‌ఐవీ చట్టం ఆమె గోప్యతను కాపాడుతోంది. ఆమె ఒప్పుకుంటే, ఆమె బయల్దేరకముందే ఇక్కడి కౌన్సెలర్ అక్కడి కౌన్సెలర్‌కు ఫోన్ చేయాలి. ఆరో వారం పరీక్ష సంగతి చెప్పాలి, బిడ్డకు పట్టాల్సిన నెవిరపిన్ సిరప్ ఆమె చేతికివ్వాలి. ఫలితం నెగెటివ్ వచ్చినా, పాలు తాగుతున్నంత కాలం పరీక్షలు ఆపకండి.